అత్తగారి కాలు, ఆడపడుచు కుక్క

గన్నవరం దగ్గరి ఆ ఇంట్లో వాదించుకున్న ఇద్దరికీ సూక్ష్మజీవుల సంగతి బాగా తెలుసు. తెలియనివాళ్ళ వాదనైతే పది నిమిషాల్లో తేలిపోయేది. ఇది భోజనాల దగ్గర మొదలై దీపాలు పెట్టేదాకా సాగింది.

ఆడపడుచు పశువుల డాక్టరు. కృష్ణా జిల్లా పల్లెల్లో గేదెల ఈతలూ దూడల జ్వరాలూ చూసి చూసి రిటైరైన మనిషి. మరదలు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోబయాలజీ ల్యాబు చూస్తుంది. ఇద్దరి మధ్యా 78 ఏళ్ళ పెద్దావిడ. ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు. ఆవిడకు చాలా ఏళ్ళుగా షుగరు, ఎడమ పాదం మీద నెలల తరబడి మానని పుండు. కొన్నాళ్ళు కూతురి దగ్గర ఉంచుదామని ఆవిణ్ణి తీసుకొచ్చిన మరదలు, పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి లాబ్రడార్ జాతి జిమ్మీ ఆ పాదం దగ్గర చేరి కట్టు అంచు నాకుతోంది.

"ఏం కాదులేవే. కుక్క నాకితే పుండు మానుతుందంటారు" అంది పెద్దావిడ.

ఆ మాట ఆవిడ పుట్టించింది కాదు. రెండు వేల ఏళ్ళకు పూర్వం గ్రీసులో ఎపిడారస్ అనే చోట వైద్య దేవుడి గుడి ఉండేది. అక్కడ గుడి కుక్కల చేత రోగుల పుళ్ళు నాకించేవారు. నయమైనవాళ్ళ సంగతులు రాళ్ళ మీద చెక్కించారు. నయం కానివాళ్ళ సంగతులు చెక్కించే ఆచారం ఏ గుడిలోనూ ఉండదు కదా.

"వదినా, ముందు దాన్ని అవతల కట్టెయ్యండి" అంది మరదలు.

"అది అంటావేం, జిమ్మీ అను. దానికి అన్ని టీకాలూ వేశాను. నెలకోసారి స్నానం. మనింట్లో మగవాళ్ళ కంటే శుభ్రం."

"ఒంటి సంగతి కాదు. నోటి సంగతి."

"నోరు కూడా మనుషుల నోటి కంటే నయమే."

మరదలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ ముక్క ఆమె చాలామంది దగ్గర విని ఉంది, పశువుల డాక్టరు నోట వినాల్సి వస్తుందనుకోలేదు. 2012లో అమెరికాలో కొందరు పరిశోధకులు కుక్కల నోట్లోని బాక్టీరియాను జన్యువుల ఆధారంగా గుర్తించి లెక్కవేశారు. 353 రకాలు తేలాయి. మనిషి నోట్లోనూ కనిపించేవి వాటిలో నూటికి 16 మాత్రమే. "కాబట్టి ఎవరి నోరు శుభ్రమన్న పోటీకి అర్థమే లేదు వదినా. మన నోట్లోవాటితో మన ఒంటికి పుట్టినప్పటినుంచీ పరిచయం. జిమ్మీ నోట్లోవాటితో దానికి పరిచయం లేదు. అత్తయ్య పుండుకు అసలే లేదు."

ఆడపడుచు వెనక్కి తగ్గే రకం కాదు. "1990లో కాలిఫోర్నియాలో కుక్క లాలాజలం మీద ప్రయోగం చేశారు, తెలుసా? ఈ-కోలైని చంపింది, కుక్కలకు వచ్చే ఒక స్ట్రెప్టోకాకస్‌నీ చంపింది. మా అమ్మ మాటలో బొత్తిగా పస లేకపోలేదు."

"ఆ రెండూ కొత్తగా పుట్టిన కుక్కపిల్లలను చంపేవి. తల్లికుక్క తన పొదుగునూ పిల్లలనూ నాకి కాపాడుకోవడానికి పనికొచ్చే గుణం అది. అదే ప్రయోగంలో స్టఫిలోకాకస్ మీద ఆ లాలాజలం చెప్పుకోదగ్గ పని చెయ్యలేదు. షుగరు పుండులో ముందు చేరేది ఏది? ఆ స్టఫిలోకాకస్సే."

ఇక్కడ మరదలిదే పైచెయ్యి అని ఒప్పుకోవాలి. ఆడపడుచూ ఒప్పుకున్నట్టే ఉంది. మాట్లాడకుండా లేచి జిమ్మీ మెడపట్టీ పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి వచ్చింది.

కానీ గెలిచినవాళ్ళు అక్కడితో ఆగరు. మరదలు తన దగ్గరున్న పెద్ద ఆయుధం తీసింది. దాని పేరు కాప్నోసైటోఫాగా కానిమోర్సస్. నోరు తిరగని ఈ బాక్టీరియా కుక్కల నోట్లో మామూలుగా బతుకుతుంది. నూటికి 74 కుక్కల దాకా ఉండవచ్చని అంచనా. కుక్కను ఏమీ చెయ్యదు. దీనివల్ల మనిషికి జబ్బు చేసిన సంగతి మొదటిసారి 1976లో వైద్య పత్రికకెక్కింది, ఇప్పటి పేరు 1989లో వచ్చింది. రక్తంలోకి చేరితే మాత్రం నాలుగైదు రోజుల్లో జ్వరం, చర్మం మీద మచ్చలు, రక్తపు గడ్డలు, వేళ్ళు నల్లబడటం, అవయవాలు ఒకటొకటిగా పనిమానెయ్యడం. అలా రక్తంలోకి పాకినవాళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు చనిపోతున్నారు. 2018లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒకాయనకు ఇది సోకి కాళ్ళూ చేతులూ తీసెయ్యాల్సి వచ్చింది. జర్మనీలోని బ్రెమెన్‌లో 63 ఏళ్ళ మనిషి సంగతి 2019లో అచ్చయింది. ఆయన్ను కుక్క కరవలేదు. సొంత కుక్క నాకిందంతే. ఒంట్లో వేరే జబ్బు లేదు, తాగుడు లేదు. ఆసుపత్రిలో 16 రోజులు పోరాడి పోయాడు.

గదిలో కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.

"జర్మనీలో ఎన్ని కుక్కలున్నాయో?" అంది ఆడపడుచు.

"కోటి పైనే."

"రోజూ అన్ని నాలుకలు నాకుతుంటే పత్రికకెక్కినవాడు ఒక్కడు. నెదర్లాండ్స్‌లో లెక్క తీశారు చూడు, పది లక్షల మందిలో ఏడాదికి ఒక్కరికి కూడా రావట్లేదు, 0.67 తేలింది. నువ్వు హైదరాబాదు నుంచి ఇక్కడికి కారులో వచ్చావు. జాతీయ రహదారి మీద అంతకంటే పెద్ద ప్రమాదం దాటుకునే వచ్చావమ్మా."

లెక్క సరైనదే. అయితే సగటు లెక్కలో ఒక ఇబ్బంది ఉంది, అది అందరికీ ఒకే కొలత వేస్తుంది. ఈ బాక్టీరియా ముందుగా వెతుక్కునేది ప్లీహం లేనివాళ్ళను. రక్తంలోంచి ఇలాంటి బాక్టీరియాను ఏరిపారేసే అవయవం ప్లీహం. యాక్సిడెంటులో అది చితికి తీసేసినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. తలసీమియా ఉన్నవాళ్ళలో కొందరికి అది ఉబ్బిపోయి తీసెయ్యాల్సి వస్తుంది. తాగుడుతో కాలేయం పాడైనవాళ్ళు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళు, కేన్సరు మందులు పడుతున్నవాళ్ళు కూడా ఈ వరసలోకే వస్తారు. పది లక్షల్లో ఒకరి కంటే తక్కువన్న ధైర్యం వీళ్ళకు చెల్లదు. బ్రెమెన్ మనిషి ఈ వరసలో లేడు, నిజమే. అందుకే ఆయన సంగతి పత్రికకెక్కింది.

"అత్తయ్యకు ప్లీహం ఉంది" అని మరదలే అంది, తన వాదనకు తనే అడ్డం వస్తూ. ల్యాబులో పనిచేసేవాళ్ళకు ఈ అలవాటు ఉంటుంది. "అందుకని కాప్నోసైటోఫాగా కంటే నాకు పాస్చురెల్లా అంటేనే భయం. దానితో పాటు కుక్కల స్టఫిలోకాకస్." పాస్చురెల్లా పిల్లుల నోట్లో ఇంకా ఎక్కువ. 1999లో అమెరికాలో చీము పట్టిన కాట్లను పరీక్షిస్తే కుక్క కాట్లలో సగంలో, పిల్లి కాట్లలో నాలుగింట మూడు వంతుల్లో అది దొరికింది. ఒక్కో గాయంలో మామూలుగా ఐదేసి రకాల బాక్టీరియా పెరిగాయి. కుక్క నాకిన షుగరు పుళ్ళలో పాస్చురెల్లా చేరిన సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కుక్కల స్టఫిలోకాకస్‌కు సూడింటర్మీడియస్ అని పేరు పెట్టింది 2005లోనే. అంతకుముందు మనుషుల గాయాల్లో అది కనిపించినా ల్యాబులు కొన్నిసార్లు మామూలు ఆరియస్ అని రాసి పంపేసేవి, ఎందుకంటే రెండూ ఒకే పరీక్షలో ఒకేలా తేలతాయి.

"మరి పిచ్చికుక్క సూది వేయించారుగా జిమ్మీకి?" అని పెద్దావిడ మధ్యలో అడిగింది.

ఇద్దరూ ఒక్కసారే ఆవిడ వైపు తిరిగారు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఏకమైంది మొదట ఈ ప్రశ్న దగ్గరే. రేబిస్ వైరస్ జబ్బు, దాని టీకా దాన్నొక్కదాన్నే ఆపుతుంది. కుక్క నోట్లోని బాక్టీరియాకూ ఆ సూదికీ సంబంధం లేదు. మన ఊళ్ళలో కుక్క కరిస్తే ఆసుపత్రికి పరుగెత్తేది రేబిస్ భయంతోనే, ఆ భయం ఉండాల్సిందే కూడా. అయితే వరస సూదులన్నీ పూర్తయ్యాక గండం గడిచిందనుకుని, వాచి చీము పడుతున్న గాయాన్ని పట్టించుకోనివాళ్ళు ఉన్నారు.

కాఫీలు వచ్చాయి. ఆడపడుచు తన వంతు అందుకుంది.

"చెడ్డ చెప్పావు, మంచి చెప్పవేం? ఫిన్లాండ్‌లో 397 మంది పసిపిల్లల్ని పుట్టినప్పటినుంచీ ఏడాది పాటు చూశారు. కుక్క ఉన్న ఇళ్ళలో జలుబులు తక్కువ, చెవిపోట్లు తక్కువ, యాంటీబయాటిక్ వాడకం తక్కువ. స్వీడన్‌లో ప్రతి కుక్కకీ ప్రభుత్వంలో నమోదుంటుంది, పిల్లల ఆరోగ్యం లెక్కలూ ఉంటాయి. రెండూ జోడించి 2015లో చెప్పారు, మొదటి ఏడాది కుక్కతో పెరిగిన పిల్లలకు బడి వయసులో ఉబ్బసం 13 శాతం తక్కువ. సూక్ష్మజీవులంటే నీకు శత్రువులే గుర్తొస్తాయి. కొలరాడోలో ఇంకోటి చూశారు, కుక్క ఉన్న ఇంట్లో పెద్దవాళ్ళ చర్మం మీది బాక్టీరియా ఒకరివొకరికి ఎక్కువ కలుస్తాయట. మా తమ్ముడూ నువ్వూ ఎడమొహం పెడమొహంగా ఉండేది ఇంట్లో కుక్క లేకేనేమో!"

మరదలు నవ్వాపుకోలేకపోయింది. నవ్వాక మాత్రం, "అవన్నీ పసిపిల్లల సంగతులు వదినా. ఇక్కడున్నది 78 ఏళ్ళ కాలు" అంది.

"సరే, ఆ కాలి సంగతే. ఆసుపత్రిలో నీ ముక్కులో ఏముందో ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా?"

ఇది తగిలే దెబ్బే. ముగ్గురు మనుషుల్లో ఒకరి ముక్కులో స్టఫిలోకాకస్ ఆరియస్ కాపురం ఉంటుంది. దానిలోనే మందులకు లొంగని ఎమ్మార్‌ఎస్‌ఏ రకం ఆసుపత్రుల్లో పెరిగిన బిడ్డ. ఇంగ్లండులో కుక్కల్లో దొరికిన ఎమ్మార్‌ఎస్‌ఏ జన్యువులను విప్పి చూస్తే, అక్కడి ఆసుపత్రుల్లో మనుషుల మధ్య తిరుగుతున్న రకమే. అంటే చాలాసార్లు దారి మనిషి నుంచి కుక్కకు, ఆ తర్వాతే తిరుగు ప్రయాణం. "ఈ ఇంట్లో అమ్మ కట్టు విప్పేది నువ్వు. జిమ్మీ కాదు" అంది ఆడపడుచు.

"నేను చేతులు కడుక్కున్నాకే విప్పుతాను."

"మంచిది. అది చేతులు కడుక్కోలేదు కనక దాన్ని నేను కట్టేశాను. లెక్క సరి."

వాదన ఇక్కడితో చల్లబడాల్సింది. పక్కదారి పట్టింది. పట్టడం మంచిదే అయింది, అసలు విషయం ఆ దారిలోనే ఉంది.

మరదలు క్యాంపైలోబాక్టర్ మాటెత్తింది. రక్తవిరేచనాలు తెచ్చే బాక్టీరియా ఇది. కొందరిలో ఆ తర్వాత కాళ్ళూ చేతులూ చచ్చుబడే గిలాన్-బారే జబ్బుకు దారితీస్తుంది. ఎక్కువగా వచ్చేది పచ్చి కోడిమాంసం నుంచి. "ఆదివారం కోడిని కోసిన కత్తితోనే ఉల్లిపాయ తరుగుతారు కదా, కుక్కని అంటావేం" అని ఆడపడుచు అననే అంది. కానీ 2016 నుంచి 2018 దాకా అమెరికాలో జరిగింది కోడి వల్ల కాదు. 18 రాష్ట్రాల్లో 118 మందికి ఒకే తరహా క్యాంపైలోబాక్టర్ విరేచనాలు పట్టుకున్నాయి. వెతుక్కుంటూ పోతే కుక్కపిల్లలమ్మే దుకాణాలు తేలాయి. కొన్నవాళ్ళు, వాళ్ళింటికి వచ్చినవాళ్ళు, దుకాణాల్లో కూలికి పనిచేసేవాళ్ళు ఆ 118 మందిలో ఉన్నారు. దానికి సాధారణంగా వాడే మందులేవీ పనిచెయ్యలేదు.

ఎందుకు పనిచెయ్యలేదన్నది చూడండి. విచారణాధికారులు 149 కుక్కపిల్లల చీటీలు తిరగేస్తే, 142 పిల్లలకు దుకాణం చేరేలోపో చేరాకో యాంటీబయాటిక్ పడింది. వాటిలో సగానికి పైగా పిల్లలకు జబ్బే లేదు. ఎక్కడో పెంపకందారు దగ్గర పుట్టి, ఒకే లారీలో వందల మైళ్ళు, ఒకే బోనులో వారాలు. జబ్బు చేస్తే అమ్ముడుపోదు కనక ముందే మందు. తల్లి దగ్గర ఉండాల్సిన వయసులో ఆ పిల్లల పేగుల్లో మిగిలింది మందును తట్టుకున్న బాక్టీరియానే. దాన్ని బుట్టలో పెట్టి రిబ్బను కట్టి ఇంటికి పంపారు.

ఆడపడుచు ఈసారి ఎదురు చెప్పలేదు. పైగా ఇంకోటి కలిపింది. 2019లో అదే దేశంలో కుక్కలు నమలడానికి అమ్మే ఎండు పందిచెవుల వల్ల 34 రాష్ట్రాల్లో 154 మందికి సాల్మొనెల్లా సోకింది. తిన్నది కుక్కలు, జబ్బు పడ్డది వాటికి తినిపించిన చేతులు. పచ్చిమాంసం పెడితే కుక్క బొచ్చు మెరుస్తుందని ఇప్పుడు మన నగరాల్లోనూ మొదలైన మోజు ఆవిడకు బొత్తిగా గిట్టదు. "ఉడకబెట్టి పెట్టమను. వేల ఏళ్ళుగా మన ఇంటి మిగులు అన్నం తిని బతికిన జాతి అది. దానికి అడవి తిండి పాఠాలెందుకు?"

"కొలిస్టిన్ సంగతి చెప్పండి మరి" అంది మరదలు.

కొలిస్టిన్ ఆఖరి మందుల్లో ఒకటి. మిగతావి పనిచెయ్యనప్పుడు ఐసీయూలో తీసేది. కోళ్ళ మేతలో విచ్చలవిడిగా కలుపుతుంటే భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు దాని వాడకాన్ని నిషేధించింది. అంతకు మూడేళ్ళ ముందే చైనాలోని గ్వాంగ్‌జౌలో పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేసే ఒకాయన ఒంట్లో, ఆ మందుకు లొంగని జన్యువు మోస్తున్న ఈ-కోలై కనిపించింది. దుకాణానికి వెళ్ళి చూస్తే అక్కడి కుక్కల మలంలోనూ అదే జన్యువు. ఎవరు ఎవరికి ఇచ్చారో తేల్చడం కష్టం. ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందన్నది స్పష్టం.

"కుక్కకి విరేచనాలైతే ఇంట్లో మిగిలిన మాత్ర అరముక్క వేసేస్తారు" అంది ఆడపడుచు. "మందుల షాపులో చీటీ అడగరు. అడిగితే, కుక్కకేనండీ అంటారు, కుక్కకైతే ఏదో తేలికన్నట్టు. మా వృత్తిలో నన్నెక్కువ విసిగించిన మాట అదే."

తర్వాత ఆవిడే, మరదలు ఊసెత్తని జబ్బు ఒకటి బయటపెట్టింది. శత్రువుకు కత్తి అందించడం అంటే ఇదే. బ్రుసెల్లా కానిస్. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలండ్ కార్మైకేల్ 1966లో బీగిల్ కుక్కల్లో కనిపెట్టాడు. కుక్కల్లో గర్భస్రావాలు తెస్తుంది, మనుషుల్లో వచ్చిపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు. టీకా లేదు. బ్రిటనులో రుమేనియా వంటి దేశాల నుంచి తెచ్చుకున్న కుక్కలతో ఇది పెరిగి, 2022లో అక్కడే కుక్క నుంచి మనిషికి సోకిన మొదటి సంగతి తేలింది. మన దగ్గర పాడిపశువుల బ్రుసెల్లాకు 2019 నుంచి 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ప్రభుత్వం టీకా వేయిస్తోంది, కుక్కల రకం గురించి పట్టించుకునేవాళ్ళు తక్కువ. "ఇంట్లో కుక్కని ఈనించి పిల్లల్ని అమ్ముకునేవాళ్ళు వట్టి చేతులతో మాయ తీస్తారు. వాళ్ళకి చెప్పు నువ్వు నీ ఉపన్యాసం. మా అమ్మ కాలికి కాదు."

"నా కాలి గురించి నన్నెవరైనా అడిగారా?" అంది పెద్దావిడ అప్పటికి.

ఎవరూ అడగలేదు. ఆవిడకు జిమ్మీ కావాలి. రోజంతా కూతురు పనుల మీద తిరుగుతుంటే ఇంట్లో పలకరించే ప్రాణి అదొక్కటే. కుక్కను అవతల కట్టెయ్యమన్న మరదలి మాట అక్కడ వీగిపోయింది, వీగిపోవాల్సిందే. పుండు ఉన్న కాలునే కుక్కకు దూరం పెట్టవచ్చు, మనిషిని పెట్టనక్కర్లేదు. బేరం కుదిరింది. కట్టు మార్చేటప్పుడు జిమ్మీ వరండాలో. మిగతా వేళల్లో కట్టు మీద శుభ్రమైన మేజోడు. ఒళ్ళో తల పెట్టవచ్చు, మంచమెక్కకూడదు. నిమిరిన చేతిని అన్నానికి ముందు సబ్బుతో కడగాలి. మొహం నాకించుకోకూడదు. లెప్టోస్పైరా కలిసిన టీకా ఏటేటా తప్పకూడదు, ఎందుకంటే ఎలుకల మూత్రం నుంచి కుక్కకూ, కుక్క మూత్రం నుంచి మనిషికీ వచ్చే జ్వరం అది. ఈ చివరి షరతు ఆడపడుచు తనకు తానే పెట్టుకుంది. లాలాజలం మందు అన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తకూడదని మరదలు పట్టుబట్టి ఒప్పించింది.

ఈ వాదనలో చదివేవాళ్ళకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కుక్క కరిచినా, చర్మం తెగిన చోట నాకినా ముందు ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకుంటూనే, గాయానికి యాంటీబయాటిక్ అవసరమా అని అడగండి. ప్లీహం లేనివాళ్ళు, కాలేయం పాడైనవాళ్ళు గీతంత గాటునైనా తేలిగ్గా తీసుకోవద్దు. ఆ తర్వాత రెండు వారాల్లో జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా ఇంట్లో కుక్క ఉందని చెప్పండి. ఆ మాట ల్యాబుకు పంపే చీటీ మీద రాయమనండి. కాప్నోసైటోఫాగా నిదానంగా పెరుగుతుంది, రక్తం కల్చరులో కనిపించడానికి వారం దాకా పట్టవచ్చు, ఒక్కోసారి రెండు వారాలు. చాలా ల్యాబులు సీసాలను ఐదు రోజులు చూసి తీసేస్తాయి. చీటీ మీద కుక్క మాట ఉంటే ఆ సీసాను ఇంకొన్నాళ్ళు ఉంచుతారు.